మంగాయత్తకు తెలియకుండా మంగాయత్త ఫోటో

సంతపాడులో దేవుడు తెలివి పంచడానికొచ్చిన రోజున ఊరంతా నిద్రపోతోందనీ, తాము ముగ్గురే మేలుకుని ఉన్నారనీ సత్తిపండు, గంగరాజు, బుల్లబ్బాయి అనే అన్నదమ్ములకు గట్టి నమ్మకం. మరి ఉండదూ? ఊళ్ళో అందరూ ఇంటికి తాళం వేసి, తాళంచెవి ఎక్కడో పారేసుకునేవాళ్ళు. వీళ్ళు మాత్రం చెవిని తాళానికే వదిలేసి వెళ్ళేవాళ్ళు. ఇంట్లో సామానంతా పోయింది గానీ తాళంచెవి ఒక్కసారి కూడా పోలేదు.

ఇలాంటి బుర్రల చేతిలో ఫోటో స్టూడియో పెట్టి వాళ్ళ నాన్న కన్నుమూశాడు. ఫోన్లతో ఫోటోలు తీయడం ఇంకా రాని రోజులవి. ఊళ్ళో స్టూడియో వీళ్ళదొక్కటే.

వాళ్ళ మేనత్త మంగాయమ్మ బజారు మలుపులో తోపుడుబండి మీద పెసరట్లు వేసేది. పెళ్ళయిన కొత్తలో పెట్టిన బండి, ఇప్పుడు మనవలొచ్చారు. రోడ్డు వెడల్పు చేస్తున్నాం, బళ్ళన్నీ తీసేయమన్నారు మున్సిపాలిటీ వాళ్ళు. అక్కడ అమ్ముతున్నట్టు ఫోటో చూపించిన వాళ్ళకే కొత్త మార్కెట్లో చోటట.

"రోజూ నా చేతి అట్టే తింటారు కదా బాబూ, నేనిక్కడున్నట్టు మీకు తెలీదా?" అని ఆఫీసరునడిగింది మంగాయమ్మ. అప్పటికి ఆయన నోట్లో ఉన్నదీ ఆవిడ అట్టే.

"తినడం వేరు, ఆధారం వేరు," అంటూ ఆయన అల్లప్పచ్చడి ఇంకాస్త వేయించుకున్నాడు. "సోమవారానికి ఫోటో తీసుకురా."

బండి పోతే ఆవిడకు కూడు లేదు. మేనల్లుళ్ళ దగ్గరికి పరుగెత్తింది. "ఒరేయ్, నన్ను బండి దగ్గర నిలబెట్టి ఒక్క ఫోటో తియ్యండ్రా!"

సత్తిపండు జాలిగా నవ్వాడు. "నిలబెట్టి తీస్తే అదేం ఫోటో అత్తా? వీధి ఫోటోకి పెద్ద శాస్త్రముంది."

ఆ శాస్త్రం వాళ్ళకబ్బి వారమే అయింది. పట్నం నుంచి ఒక మాస్టారొచ్చి, పాతకాలపు మహానుభావులు వీధుల్లో తీసిన ఫోటోలు చూపించి పాఠం చెప్పాడు. అన్నీ నలుపు తెలుపులే. ఫోటో బాగా రాలేదంటే ఇంకా దగ్గరికెళ్ళమన్నాడు. ఒకచోట నిలబడి ఎవరో ఒకరు వచ్చేదాకా ఓపికగా కాచుకోమన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, తీస్తున్నట్టు ఎదుటివాళ్ళకి తెలియకూడదన్నాడు.

"ఆ మహానుభావులు ఇప్పుడెక్కడున్నారండీ?" అనడిగాడు బుల్లబ్బాయి.

"అందరూ పోయారు నాయనా."

"చచ్చిపోయాక ఎవరికీ కనపడకుండా తియ్యడం ఏం గొప్పండీ? మేం బతికుండి తీస్తాం," అన్నాడు గంగరాజు. మాస్టారు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అది మెచ్చుకోలనుకుని ముగ్గురూ పొంగిపోయారు.

మర్నాడు పొద్దున్నే బండి దగ్గరికొచ్చారు. "నీ బండి నీలంగా ఉందత్తా. ఆ ఫోటోల్లో నీలం ఎక్కడా లేదు," అన్నాడు సత్తిపండు. అంతే, సున్నం బకెట్టు దిగింది. బండికి సున్నం, గొడుగుకి సున్నం. అత్త ఎర్రచీరకి పెనం మసి. ఇక మిగిలింది పెసరపిండి.

"ఇది పచ్చగా ఉందన్నయ్యా!"

ఇంకేముంది, పిండిలోనూ చెంబెడు సున్నం పడింది. తీరా కెమెరా ఎత్తితే పైన ఆకాశం నీలంగా ఉంది. దానికి నిచ్చెన అందలేదు. ఫోటో మానేసి ఇంటికెళ్ళారు. ఆ పూట బేరం లేక మంగాయమ్మ తిట్టిన తిట్లు బజారంతా విన్నది.

ఆ మర్నాడు దగ్గరికెళ్ళే పాఠం. సత్తిపండు కెమెరా పట్టాడు, తమ్ముళ్ళిద్దరూ "ఇంకా దగ్గరికి, ఇంకా దగ్గరికి" అంటూ వెనకనుంచి తోశారు. కెమెరా వెళ్ళి అత్త ముక్కుకి కొట్టుకుంది. అంతే, క్లిక్కు. ఆ ఫోటోని ఆఫీసరు అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది ఏ గుహ?" అనడిగాడు.

"మా అత్త ముక్కండీ. ఎరిగినవాళ్ళు ఇట్టే పోల్చుకుంటారు," అన్నాడు గంగరాజు. ఆఫీసరు బయటికి గెంటించాడు.

మంగాయమ్మకి ఏడుపొచ్చింది. "మీకు దణ్ణం పెడతాన్రా. మామూలుగా తియ్యండ్రా. ఎల్లుండే సోమవారం!"

"తీస్తాం. కానీ తీస్తున్నట్టు నీకు తెలియకూడదు. నువ్వేమో నువ్వే వచ్చి అడిగావు. తప్పంతా నీదే," అన్నాడు సత్తిపండు. "ఒక పని చెయ్యి. ఫోటో సంగతి మర్చిపో."

కాసేపాగి అడిగాడు. "మర్చిపోయావా?"

"దేన్ని? ఫోటో సంగతేనా?"

"చూశార్రా, ఇంకా గుర్తుంది!"

ముగ్గురూ తలలు ఒకచోట చేర్చారు. ఆదివారం తెల్లారేసరికి, పొరుగూళ్ళో ఉన్న చెల్లెలికి ప్రాణం మీదికొచ్చిందని అత్తకి చెప్పారు. ఆవిడ లబోదిబోమంటూ బస్సెక్కింది. బండి అక్కడే ఉంది, పిండిగిన్నె బండి మీదే ఉంది.

"ఇప్పుడు అత్తకి బొత్తిగా తెలియదు!" అని బుల్లబ్బాయి గంతులేశాడు.

కెమెరా పెట్టుకుని ఎదురుగుమ్మంలో కాచుకున్నారు. ఎండెక్కింది. మంగాయమ్మ గేదె గౌరికి ఆ పూట కుడితి పెట్టే దిక్కు లేదు. అది ఆకలికి పలుపు తెంపుకుని, యజమానురాల్ని వెతుక్కుంటూ తిన్నగా బండి దగ్గరికొచ్చి, పిండిగిన్నెలో మూతి పెట్టింది.

"అన్నయ్యా, కెమెరా వైపు కన్నెత్తి కూడా చూడలేదు!"

సత్తిపండుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. క్లిక్కుమనిపించాడు.

అక్కడ చెల్లెలు నిక్షేపంలా కారం దంచుకుంటుంటే చూసి ఒళ్ళు మండి, సోమవారం మంగాయమ్మ బస్సు దిగి నేరుగా ఆఫీసుకొచ్చింది. అప్పటికే ఫోటో బల్ల మీదుంది.

"బండి సరే, మనిషేది?" అన్నాడు ఆఫీసరు.

"మనిషికి అస్సలు తెలియదండీ! ఊళ్ళోనే లేదు!" అన్నారు ముగ్గురూ రొమ్ములు విరుచుకుని.

"ఫోటోలో ఉన్నవాళ్ళకే చోటు. ఉన్నది గేదె. గేదెకిమ్మంటారా?"

సత్తిపండు తమ్ముళ్ళతో ఆలోచించి, "ఇవ్వండి," అన్నాడు. ఆఫీసరు కాసేపు రూలు చదువుకున్నాడు. అందులో మనిషే అయ్యుండాలని ఎక్కడా లేదు. అంతే, ముద్ర గుద్దాడు. అన్నదమ్ములు పరుగున వెళ్ళి గౌరిని మెట్లెక్కించి తెచ్చి గిట్ట ముద్ర వేయించారు.

"అయ్యా, నేనండీ! నా అట్టేగా మీరు తినేది!" అని మొత్తుకుంది మంగాయమ్మ.

"నువ్వు ఫోటోలో లేవమ్మా," అని ఆయన విసుక్కున్నాడు. రెండు రోజులుగా ఆయనకి అట్టు లేదు మరి.

ఇప్పుడు కొత్త మార్కెట్లో గౌరికి చోటుంది. దాన్ని అక్కడ కట్టేసి, దాని పక్కన మంగాయమ్మ అట్లు వేస్తుంది. గౌరి మేతకెళితే అట్లు బంద్. ఆఫీసరు రోజూ వచ్చి, గేదె ఉందో లేదో చూసుకుని మరీ తింటాడు.

ఏడాది తిరిగింది. లైసెన్సుకి మళ్ళీ ఫోటో కావాలన్నారు. ఈసారైనా తన పేరు పడాలని మంగాయమ్మ తలంటు పోసుకుని, పట్టుచీర కట్టి, గేదెకి అడ్డంగా బండి ముందు నిటారుగా నిలబడింది. మేనల్లుళ్ళొచ్చారు. సత్తిపండు కెమెరాకి కన్ను ఆనించాడు. ఆనించి, గొంతు తగ్గించి చెయ్యి ఊపాడు.

"అత్తా, కాస్త పక్కకి జరుగు. గేదె ఇంకా మమ్మల్ని చూడలేదు."