గూని ట్రైలర్

రెండు ట్రైలర్లలో ఏది కొనాలో అసిరినాయుడికి తేలిపోయింది. అవునని ఉస్తాద్ చేత అనిపించుకోవడమే మిగిలింది.

ఇన్నాళ్లూ పరాయి లారీలు తోలాడు. అన్నీ డబ్బా బళ్లే. ఇప్పుడు లాగే బండి సొంతంగా సంపాదించాడు. దాని వెనక తగిలించడానికి గోడలూ కప్పూ లేని చదును ట్రైలర్ కావాలి. సోమవారం ఉక్కు పలకలు ఎత్తుతానని మాటిచ్చేశాడు. మొదటి లోడే తప్పితే మళ్లీ పిలిచేవాడు ఉండడు. పరాయి స్టీరింగే గతి.

ఉస్తాద్ లతీఫ్ సాహెబ్ దగ్గర క్లీనర్‌గా చేరి తోలడం నేర్చినవాడు అసిరినాయుడు. ఆ రోజుల్లో లారీల లోకంలో ఉస్తాద్ అంటే దర్గాలో పీరు లాంటివాడు. ఆయన తినేదాకా క్లీనర్ తినడు, ఆయన కూర్చునేదాకా కూర్చోడు. లతీఫ్ సాహెబ్‌కి ఇప్పుడు మోకాళ్లు సహకరించవు, తోలడం మానేశాడు. మాటలు మాత్రం ఎప్పుడూ తక్కువే. ఏదైనా చెప్పాల్సి వస్తే ముందు బీడీ వెలిగిస్తాడు. అది అయ్యేసరికి చాలాసార్లు ఆ చెప్పాల్సిన అవసరమే ఉండదు.

గాజువాక ఆటోనగర్‌లో కనకరాజు షెడ్డు ముందు రెండు ట్రైలర్లూ ఎండలో మెరుస్తున్నాయి. పెళ్లిచూపులకొచ్చిన పెద్దమనిషిలా అసిరినాయుడు వాటి చుట్టూ తిరిగాడు. తండ్రి తాపీమేస్త్రి. గోడ వంకర చెప్పేది కన్ను కాదు, దారం అని చిన్నప్పుడే నూరిపోశాడు. జేబులోంచి దారం తీశాడు. ట్రైలర్ పక్కపట్టీ కింద ఈ కొసనుంచి ఆ కొసకి బిగించి పట్టాడు.

మొదటిది గీత గీసినట్టుంది. రెండోది నడిమధ్యన పైకి ఉబ్బి, దారానికీ దానికీ మధ్య చెయ్యి దూరేంత సందు.

"చూశారా ఉస్తాద్! దీనికి గూని!"

"అది అలాగే చేస్తాం బాబూ," అన్నాడు కనకరాజు.

"అమ్మేవాడు ఇంకేటంటాడు! నీ గూనిదాన్ని పాత ఇనుముకి తోలేసుకో."

చేరువలో నిలబడ్డ అనకాపల్లి ఆసామి ఒకాయన గట్టిగా నవ్వాడు. అసిరినాయుడు తన తెలివికే అనుకుని ఇంకాస్త ఛాతీ విరిచాడు.

లతీఫ్ సాహెబ్ బీడీ వెలిగించాడు. "చాయ్ తాగుదాం రా."

పైడమ్మ చాయ్ కొట్టు ముందు రెండు రాతి దిమ్మల మీద ఒక పొడుగాటి చెక్కబల్ల ఉంది. ఎన్నేళ్లుగానో లారీవాళ్లు కూర్చుని కూర్చుని దాని నడుము కిందికి దిగిపోయింది. ఎక్కడ కూర్చున్నా జారి మధ్యకే వచ్చేస్తారు.

"లేవండి," అన్నాడు ఉస్తాద్, కూర్చున్నవాళ్లతో. లేచారు. ఒక కొస తను పట్టి, రెండో కొస అసిరినాయుడి చేత పట్టించి, బల్లని తిరగేశాడు. ఇప్పుడు నడుము పైకి ఉబ్బింది.

"నా బల్లేం చేసిందయ్యా సాయిబూ, దాని మీద పడ్డావు?" అంది పైడమ్మ.

"ఇప్పుడు కూర్చోండి."

లారీవాళ్లు నవ్వుకుంటూ మధ్యన సర్దుకుని కూర్చున్నారు. బల్ల కిర్రుమంది. ఉస్తాద్ నిండు చాయ్ గ్లాసు దాని మీద పెట్టాడు. తొణకలేదు.

"నీ దారం తియ్యి."

అసిరినాయుడు బల్ల అంచు కింద దారం పట్టాడు. సందు లేదు. ఇంకోసారి బిగించి చూశాడు. గోరు కూడా దూరలేదు.

తలెత్తి షెడ్డు వైపు చూశాడు. అనకాపల్లి ఆసామి గూని ట్రైలర్ మీద చెయ్యేసి కనకరాజుతో ఏదో మాట్లాడుతున్నాడు.

అంతే, చాయ్ అక్కడే, చెప్పు ఒకటి అక్కడే. పరుగో పరుగు! వెల్డింగు కుర్రాళ్లు పక్కకి దూకారు. ఒక్క గెంతులో ట్రైలర్ ఎక్కి నడిమధ్యన బాసింపట్టు వేసి కూర్చున్నాడు.

"ఇది నాది!"

"గూని అన్నావు కదా నాయుడూ?" అన్నాడు కనకరాజు.

"గూనిదే కావాల!"

అనకాపల్లి ఆసామి మళ్లీ నవ్వాడు. "పోన్లే, ఇలాంటిదే నాకొకటి చేసిపెట్టు కనకరాజూ. వీణ్ని అక్కణ్నుంచి లేపాలంటే క్రేను కావాలి."

సోమవారందాకా అసిరినాయుడు ఆ షెడ్డులోనే కాపురం. ముందువైపు సరుకు జారకుండా అడ్డుపలక బిగించాడు, గొలుసులకి కొక్కేలు వేయించాడు. ప్రతి కొక్కేనికీ తనే వేలాడి చూశాడు.

సోమవారం క్రేను ఉక్కు పలకల్ని ట్రైలర్ మీదికి దించింది. ఒక్కొక్కటి దిగుతుంటే ట్రైలర్ నిట్టూర్చినట్టు సర్దుకుంది. అసిరినాయుడు వంగి పక్కపట్టీ కింద దారం పట్టాడు. ఈ కొసనుంచి ఆ కొసకి గీత గీసినట్టుంది.

"ఉస్తాద్!" అని కేకేశాడు.

లతీఫ్ సాహెబ్ అతని చేతిలోంచి దారం తీసుకుని మెల్లగా ఉండ చుట్టాడు.

"ఖాళీగా ఉన్నప్పుడు ఎవర్నీ కొలవకురా," అన్నాడు. "పద, బండి తియ్యి."