గాదెను తినేసిన వ్యాజ్యం

తుమ్మలకోన అడవిలో జింకలు, కుందేళ్ళు, ఉడుతలు, కౌజుపిట్టలు కలిసిమెలిసి బతికేవి. వానాకాలం వస్తే ఆ కోనలో తిండి దొరకదు. వాగులు పొంగి దారులు మూసుకుపోతాయి. అందుకని అవన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. ఎండాకాలమంతా ఏరిన వెదురుబియ్యం, కొర్రలు, ఎండిన ఇప్పపువ్వు ఒకే గాదెలో పోసేవి. వానలు పడ్డాక ఏది ఎంత పోస్తే అది దాన్నిబట్టి తీసుకునేది.

ఆ సంఘానికి పెద్ద ఒక నెమలి. దానికి ఆర్భాటం ఎక్కువ. వచ్చిన ప్రతి చుట్టానికీ గాదెలోంచే విందులు పెట్టింది. అడిగినవారికల్లా అప్పులిచ్చింది. ఒక వేసవి మధ్యలో తలుపు తీసి చూస్తే గాదెలో సగం కూడా లేదు. నెమలి చెప్పాపెట్టకుండా కొండ దాటి ఎగిరిపోయింది. సంఘం మునిగిపోయింది.

ఆ అడవిలో న్యాయం చెప్పేది ఐరావతమ్మ అనే ముసలి ఏనుగు. ఆమె శూలపాణి అనే ముళ్ళపందిని పిలిపించింది. శూలపాణి పరాయి గింజ ముట్టడని అడవంతా పేరు.

"శూలపాణీ, సంఘం పని అయిపోయింది. మిగిలింది పోగుచేసి, గింజలు పోసినవాళ్ళకి పంచిపెట్టు. నీ తిండీ, నీ ఖర్చులూ ముందుగా గాదెలోంచే తీసుకో. పని చేసేవాడి కడుపు మాడ్చకూడదు. కానీ వ్యాజ్యాలకి ఖర్చుపెట్టే ముందు, ఆ గింజలు ఎవరివో వాళ్ళని అడుగు" అంది ఐరావతమ్మ.

"అలాగేనమ్మా" అన్నాడు శూలపాణి.

అతను ఒళ్ళు దాచుకోకుండా పనిచేశాడు. గాదెకు ఎలుకలు చేసిన కన్నాలు పూడ్చాడు. కోతుల దగ్గరున్న చిన్న చిన్న అప్పులు రాబట్టాడు. ఒక్క పెద్ద అప్పు మిగిలింది. అది వాగు అవతల ఉండే అడవిపందిది.

శూలపాణి వెళ్ళి అడిగితే పంది నవ్వింది. "అప్పా? నెమలి నాకు ప్రేమగా పెట్టింది, తిన్నాను. అప్పని చెప్పడానికి సాక్షి ఎవరు?"

ఆ నవ్వు శూలపాణికి ముల్లులా గుచ్చుకుంది. ఐరావతమ్మ చెప్పినట్టు అందరినీ అడిగి, వ్యాజ్యం వేశాడు. గాదె తరఫున మాట్లాడటానికి వాచస్పతి అనే చిలుకను పెట్టుకున్నాడు. సాక్షి దొరకలేదు. ఐరావతమ్మ వ్యాజ్యం కొట్టేసింది.

అప్పుడు లకుమ అనే కౌజుపిట్ట అతని దగ్గరికి వచ్చింది. మగడు వేటగాడి వలలో పోయాక, ముగ్గురు పిల్లల కోసం ఏరిన గింజలన్నీ ఆమె గాదెలోనే పోసింది.

"బాబాయ్, మబ్బులు కమ్ముతున్నాయి. ఉన్నది ఉన్నట్టు పంచేయరాదూ? వచ్చినంతే చాలు మాకు."

"తొందరపడకమ్మా. కొండ అవతల సింహం గారి కొలువు ఉంది. ఈ తీర్పు మీద అక్కడ మొరపెట్టుకుని గెలిస్తే నీకు పూర్తిగా వస్తుంది."

"గెలవకపోతే?"

శూలపాణి ముళ్ళు నిక్కబొడుచుకున్నాయి. "ఈ ముళ్ళు చూసి పులే వెనక్కి తగ్గింది. ఒక పంది ముందు తల వంచమంటావా?"

లకుమ వెళ్ళిపోయింది. ఈసారి శూలపాణి ఎవరినీ అడగలేదు. అడిగితే వద్దంటారని అతనికి తెలుసు.

వాచస్పతి తన పరివారంతో కొండ అవతలికి బయలుదేరాడు. వాళ్ళ దారి బత్తెం గాదెలోంచే వెళ్ళింది. వాయిదా పడ్డ ప్రతిసారీ మరికొన్ని గంపలు వెళ్ళాయి. "ఇంకొక్క వాయిదా శూలపాణి గారూ, గెలుపు మనదే" అనేవాడు వాచస్పతి. శూలపాణి తన కోసం మాత్రం గుప్పెడు కొర్రలు కూడా ఎక్కువ తీసుకోలేదు. తాను చేస్తున్నది అందరి మేలు కోసమేనని అతను నిజంగానే నమ్మాడు.

చివరికి సింహం తీర్పు చెప్పింది. "సాక్షి లేని అప్పు అప్పు కాదు. ఇక్కడిదాకా తిప్పినందుకు పంది ఖర్చులు కూడా గాదే ఇచ్చుకోవాలి."

పంది తన బంధువులతో వచ్చి గాదె ముందు నిలబడింది. శూలపాణి తన చేతులతోనే కొలిచి పోశాడు. అవి వెళ్ళిపోయాక లోపల చూస్తే నేల కనిపిస్తోంది. అదే రోజు వాన మొదలైంది.

శూలపాణి ఐరావతమ్మ దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, ఇన్నాళ్ళూ పనిచేశాను. నా కూలి ఇప్పించండి, ఆ రెండు వ్యాజ్యాల ఖర్చులు గాదె లెక్కలోనే రాయించండి."

ఐరావతమ్మ లెక్కలన్నీ విని అంది. "కన్నాలు పూడ్చావు, అప్పులు రాబట్టావు. దానికి నీ కూలి నీకు ముందుగా రావాల్సిందే. మొదటి వ్యాజ్యం అందరినీ అడిగి వేశావు. ఆ ఖర్చు గాదెదే. రెండోది ఎవరి కోసం వేశావు?"

"అందరి కోసమేనమ్మా."

"మరి అందరినీ ఎందుకు అడగలేదు?"

శూలపాణి ముళ్ళు వాలిపోయాయి.

"అది నీ పంతం కోసం వేసిన వ్యాజ్యం. చిలుకలు తిన్నదీ, పంది పట్టుకెళ్ళిందీ నువ్వే తిరిగి నింపాలి. ఎన్నేళ్ళు పట్టినా సరే" అంది.

అడుగున మిగిలిన కాసిని గింజల్లోంచి శూలపాణికి ఒక దొప్పెడు కూలి వచ్చింది. మిగతావాళ్ళకి తలా గుప్పెడు కూడా రాలేదు. జింకలు అడవి వదిలి వెళ్ళిపోయాయి. కుందేళ్ళు బెరడు కొరుక్కుంటూ రోజులు గడిపాయి.

వాన తెరిపివ్వగానే శూలపాణి ఆ దొప్ప పట్టుకుని లకుమ ఉండే పొద దగ్గరికి వెళ్ళాడు. ఆమె రెక్కల కింద ఇద్దరు పిల్లలు వణుకుతున్నారు.

"చిన్నది ఏదమ్మా?" అని అడిగాడు.

"నిన్న పొద్దున పోయింది బాబాయ్."

శూలపాణి దొప్పను ఆమె ముందుకు జరిపాడు.

"తీసుకుంటాను. వీటికి ఆకలేస్తోంది" అంది లకుమ. పిల్లల నోట్లో గింజలు పెడుతూ, తల ఎత్తకుండానే అంది. "నువ్వు దొంగవని నేనెప్పుడూ అనను బాబాయ్. కానీ దొంగ పడి దోచుకున్నా మాకు ఇంతకన్నా ఎక్కువే మిగిలేదేమో."

శూలపాణి మళ్ళీ మొదలైన వానలో తడుస్తూ వెనక్కి నడిచాడు.

ఆ తర్వాత ప్రతి వేసవీ అతను గింజలు ఏరి తెచ్చి గాదెలో పోశాడు. ముళ్ళు తెల్లబడ్డాక ఆ బాకీ తీరింది. కానీ బతికినన్నాళ్ళూ అతను ఆ పొద పక్క నుంచి మాత్రం వెళ్ళలేకపోయాడు. చుట్టూ తిరిగి వెళ్ళేవాడు.

నీతి: నలుగురి సొత్తు కాపాడేవాడికి నిజాయితీ ఒక్కటే చాలదు, తన పంతానికి వారి తిండి ఖర్చుపెట్టకూడదని కూడా తెలియాలి.