గుట్ట దాటిన జోళ్ళు

పలుగురాళ్ళ గుట్టకు ఇవతల ఒక అడవి ఉండేది. దాని పేరు నెమలికోన. పేరుకే నెమలికోన గానీ, అందులో నెమళ్ళకంటే కుందేళ్ళూ, నక్కలూ, ముంగిసలే ఎక్కువ. వాటన్నిటికీ పెద్ద ఎలుగుబంటి దుబ్బయ్య.

ఆ కోనలో ఉన్నది ఒకటే మడుగు. వేసవి ముదిరితే అదీ ఎండిపోయేది. అప్పుడేం చేసేవాళ్ళంటారా? ప్రతి వేసవిలోనూ గుట్టకు అవతల వెదురుతోపులో ఏనుగుల మంద దిగేది. ఒక్క పగలు అక్కడ ఆగి, పొద్దు వాలగానే పెద్దనదికి వెళ్ళిపోయేది. ఆ లోపల ఎవరైనా వెళ్ళి బతిమాలితే, ఏనుగులు నెమలికోనకు వచ్చి ఎండిన వాగులో గోతులు తవ్వేవి. అడుగున దాక్కున్న నీళ్ళు పైకి ఉబికేవి.

"పిట్టలతో కబురు పంపొచ్చు కదా!" అనుకుంటున్నారేమో. ఒకప్పుడు పంపేవాళ్ళే. ఒక ఏడాది చిలకలు ఊరికే ఆటపట్టించడానికి వెళ్ళి "రండి, రండి" అని పిలిచాయట. అంత మందా పడుతూ లేస్తూ వచ్చి చూస్తే మడుగు నిండా నీళ్ళు! ఏనుగుల పెద్దమ్మకు ఒళ్ళు మండిపోయింది. "ఇక మీదట గుట్ట దాటి, కాలి నడకన వచ్చి అడిగినవాళ్ళ మాటే వింటాం" అని తేల్చి చెప్పింది. చేసింది చిలకలు, పడింది అడవి అంతా.

గుట్టను చుట్టి వెళ్ళే లోయదారి ఉంది. అది ఏనుగుల అంగలకు ఒక్క రాత్రి ప్రయాణం. బుల్లి కాళ్ళవాళ్ళకైతే మూడు రోజులు పడుతుంది. అందుకని ఏటా ఇద్దరిని గుట్ట మీదుగా పరుగెత్తించేవాళ్ళు. మొదటివాడు ముందు కబురు. వాడికి ఏమైనా అయితే ఉంటారని రెండోవాళ్ళు వెనక కబురు.

ఆ ఏడాది ముందు కబురుగా నక్క మెరుపయ్యను ఎన్నుకున్నారు. ఇసుకవాగులో పెట్టిన పందెంలో అందరికంటే ముందు వచ్చింది అతనే. అప్పటినుంచి మెరుపయ్య కళ్ళు నెత్తికెక్కాయి. నడిచినా తోక ఎగరేసుకుంటూ నడిచేవాడు.

వెనక కబురుగా మాత్రం ఎవరూ ముందుకు రాలేదు. "నేను వెళ్తాను" అంది చెవులపిల్లి తుర్రి. అందరూ నవ్వారు. తుర్రికి పందెంలో వచ్చింది ఏడో స్థానం. కానీ తుర్రి ఇంట్లో ముగ్గురు పసికూనలున్నారు. ఆ పొద్దున వాళ్ళు మడుగులోని తడిబురదను నాకడం ఆమె కళ్ళారా చూసింది. దాంతో నవ్వులు ఆమె చెవికెక్కలేదు, అంత పొడుగు చెవులున్నా సరే.

ఇక గుట్ట ఎక్కాలంటే కాళ్ళకు జోళ్ళు కావాలి. కోనలో జోళ్ళు కుట్టేది ముళ్ళపంది సూదవ్వ. ఆమెకు సూది కొనే పని లేదు. వీపుమీద చెయ్యి పెడితే చాలు, కావలసిన సూది వస్తుంది. మంచి పనిమంతురాలే గానీ ఆమెకొక పట్టుదల ఉంది. ఎవరు వచ్చినా ముందు కాలి కొలత అడగదు.

"ఏ దారిన పరుగెత్తుతావో ఆ దారి మన్ను తీసుకురా. రాళ్ళుంటే రాళ్ళు కూడా. అది చూశాకే సూది పడతాను" అంటుంది.

మెరుపయ్యకు ఈ మాట రుచించలేదు. "పరుగు ముందు పెట్టుకుని, గుట్ట ఎక్కి మన్ను మోసుకు రావాలా? నాకేం పనిలేదా?" అని విసుక్కున్నాడు. రెండడుగులు వేసి, రోజూ తాను పరుగెత్తే ఇసుకవాగులోంచి గుప్పెడు ఇసుక తెచ్చి ఆమె ముందు పోశాడు.

సూదవ్వ ఇసుకను వేళ్ళతో నలిపి చూసింది. "ఇది గుట్ట దారి మన్నేనా బాబూ?"

"మన్నులో తేడాలేముంటాయి అవ్వా? కుట్టు, కుట్టు. మాటలు తక్కువ, బరువు తక్కువ, అదీ నాకు కావలసింది!"

"నీ ఇష్టం" అంది సూదవ్వ. అతను తెచ్చిన మన్నుకు తగినట్టే కుట్టింది. పైన అరటినార, అడుగున బూరుగుదూది మెత్త. ఎక్కడా ముడి కనబడదు. మెరుపయ్య వాటిని మోదుగాకు మీద పెట్టి ఎత్తాడు. ఆకు కాస్తయినా వంగలేదు.

"అబ్బో! ఉన్నాయా, లేవా?" అని ముంగిసలు ముక్కున వేలేసుకున్నాయి. మెరుపయ్య కోనంతా తిరిగి ఆ జోళ్ళు అందరి చేతుల్లోనూ పెట్టి తూయించాడు. గుట్ట మీద మాత్రం ఒక్కసారైనా తొడిగి చూడలేదు.

తుర్రి అలా చేయలేదు. రెండు రోజులు పట్టినా వట్టికాళ్ళతో గుట్ట ఎక్కి వచ్చింది. పైకి ఎక్కేచోట కత్తిమొనల్లాంటి పలుగురాళ్ళు దొరికాయి. గుట్ట నడినెత్తిన గులకరాళ్ళు దొర్లిపోతున్నాయి. అవతలి దిగుడులో నున్నటి బండలమీద ఎండిన వెదురాకులు పరుచుకున్నాయి. మూడు చోట్లవీ మూడు దొప్పల్లో తెచ్చి సూదవ్వ ముందు పెట్టింది. అరికాళ్ళు చిట్లి నెత్తురు కారుతోంది.

"అయ్యో పిచ్చితల్లీ! కూర్చో ముందు" అని సూదవ్వ పసరు రాసింది.

"అవ్వా, నీ దగ్గరున్న వాటిల్లో అన్నిటికంటే మందం జోళ్ళు ఇయ్యి. ఒక్క రాయీ తగలకూడదు" అంది తుర్రి. పాపం, భయమేసింది మరి.

సూదవ్వ నవ్వి, అటకమీదనుంచి ఒక మందపాటి జత దించింది. పెరట్లో రాళ్ళకుప్ప పోసి, "ఇవి వేసుకుని దీనిమీద పదిసార్లు ఎక్కి దిగు" అంది.

తుర్రి మూడుసార్లు ఎక్కేసరికే ఆయాసం వచ్చేసింది. నాలుగోసారి ఏ రాయి కదులుతోందో కాలికి తెలియక దబ్బున బోర్లాపడింది.

"చూశావా? రాయి గుచ్చుకోకూడదు. కానీ కాలి కింద రాయి ఉందని తెలియాలి. అది తెలియకపోతే పడతావు, బరువైతే అలిసిపోతావు" అంది సూదవ్వ.

సాయంత్రమయ్యాక, నడిచి నడిచి కాళ్ళు కాస్త ఉబ్బాక, అప్పుడు కొలత తీసింది. మడమ దగ్గర బిగుతుగా, వేళ్ళ ముందు కందిగింజంత ఖాళీగా ఉంచింది. "దిగేటప్పుడు వేళ్ళు వెళ్ళి ముందుకు గుద్దుకుంటాయే పిల్లా, అందుకు" అంది. అడుగున మద్దిబెరడు పలచగా చెక్కి, దాని నిండా చింతగింజలంత బుడిపెలు తేల్చింది. పైన వలలా అల్లిన జనపనార. బొటనవేలి ముందు ఒక చిన్న తాటిమట్ట ముక్క.

తుర్రి వాటిని వేసుకుని పెరట్లోని పలుగురాళ్ళమీద ఎక్కింది, గులకలమీద ఉరికింది, వెదురాకులమీదనుంచి దిగింది. ఒకచోట మడమ ఒరుసుకుంటోందని చెబితే సూదవ్వ అక్కడ విప్పి మళ్ళీ కుట్టింది.

తుర్రి జోళ్ళను కూడా మోదుగాకు మీద పెట్టారు. ఆకు కొంచెం వంగింది. "వంగింది, వంగింది!" అని మెరుపయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "వెనక కబురు వెనకే ఉంటుంది లెండి!"

తుర్రి చూపు మడుగు మీదే ఉంది. మడుగులో ఆ రోజు బురద కూడా ఎండిపోయింది.

మర్నాడు తెల్లవారుతుండగానే గద్ద అరిచింది. "ఏనుగులు దిగాయి! వెదురుతోపులో దిగాయి!"

దుబ్బయ్య చెయ్యి ఊపాడు. ఇద్దరూ పరుగందుకున్నారు. ఇసుకవాగు దాటేదాకా మెరుపయ్య గాల్లో తేలిపోయాడు. నిజం చెప్పుకోవాలి, ఆ ఇసుకమీద ఆ జోళ్ళకు సాటి లేదు. కాసేపటికి తుర్రికి అతని తోక కూడా కనబడలేదు. ఆమె తన నడకలో తాను పోయింది.

పొద్దు నడినెత్తికి రాకముందే తుర్రి పలుగురాళ్ళ ఎగుడు చేరింది. సగం ఎక్కేసరికి ఎవరో మూలుగుతున్నారు. చూస్తే మెరుపయ్య! ఒక బండకు ఆనుకుని కూలబడ్డాడు. బూరుగుదూది పింజలు పింజలుగా రాళ్ళమీద ఎగురుతోంది. అరటినార చీలికలై వేలాడుతోంది. అరికాల్లో ఒక పలుగురాయి దిగబడింది.

తుర్రి దగ్గరకు ఉరికింది. "అయ్యో నక్కబావా!"

"వచ్చావా? మంచిపని చేశావు. నీ జోళ్ళు ఇటియ్యి" అన్నాడు మెరుపయ్య పళ్ళ బిగువున. "నీకంటే నేను వేగం. నీళ్ళు కావాలా, వద్దా?"

తుర్రి ఒక్క క్షణం ఆలోచించింది. బావ వేగం అబద్ధం కాదు. కానీ నెత్తురోడే ఆ కాలు ఈ జోడులో పట్టదు, పట్టినా ఈ రాళ్ళమీద నిలవదు.

"ఇవి నా కాలికి, ఈ దారికి కుట్టినవి బావా. నీకు పనికిరావు" అంది. చెంగున వెళ్ళి నల్లేరు తీగ తెచ్చి అతని కాలికి కట్టు కట్టింది. "ఈ ఎండలో కదలకు. చల్లబడ్డాక మెల్లగా దిగు" అని చెప్పి ముందుకు సాగింది.

పలుగురాళ్ళు కాలికి తెలుస్తూనే ఉన్నాయి, గుచ్చుకోవడం లేదు. దొర్లే గులకలమీద బుడిపెలు కరుచుకున్నాయి. ఒకచోట కాలు జారింది గానీ జోడులో మడమ కదల్లేదు. తుర్రికి దాహంతో నాలుక పిడచకట్టుకుపోయింది. ఇంటిదగ్గర కూనల నాలుకలు ఇంకెలా ఉన్నాయోనని తలుచుకుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పరుగెత్తింది.

వెదురాకుల దిగుడు దిగేసరికి పొద్దు వాలిపోయింది. తోపు ఖాళీ! దూరంగా దుమ్ము లేస్తోంది. మందలో అందరికంటే వెనకున్న ఏనుగు తోక మాత్రం కనిపించింది.

"పెద్దమ్మా! ఆగు పెద్దమ్మా!" తుర్రి ఉన్న శక్తంతా కూడదీసుకుని అరిచింది.

దుమ్ము ఆగింది. ఏనుగుల పెద్దమ్మ మెల్లగా వెనక్కి తిరిగి వచ్చింది.

"ఎవరు నువ్వు? ఏ దారిన వచ్చావు?"

"నెమలికోన తుర్రిని. గుట్ట దాటి వచ్చాను. మా మడుగు ఎండిపోయింది."

"చిలకలూ ఇలాగే చెప్పాయి. ఏదీ, కాలు చూపించు."

తుర్రి కాలు ఎత్తింది. పెద్దమ్మ తొండం చాచి ఆ జోడు అడుగును వాసన చూసింది. బుడిపెల సందుల్లో పలుగురాళ్ళ పొడి ఉంది. గులకల మన్ను ఉంది. వెదురాకు ముక్క ఒకటి ఇరుక్కుని ఉంది.

"అబద్ధం నోరు చెప్పొచ్చు గానీ జోడు చెప్పలేదు" అంది పెద్దమ్మ. తొండంతో తుర్రిని ఎత్తి తలమీద కూర్చోబెట్టుకుంది. మంద మొత్తం లోయదారి పట్టింది.

తెల్లారేసరికి నెమలికోన వాగులో గోతులు పడ్డాయి. గోతుల్లో నీళ్ళు ఉబికాయి. తుర్రి కూనలు ముగ్గురూ మూతులు ముంచి, తలెత్తకుండా తాగారు. వాళ్ళు తాగడం పూర్తయ్యేదాకా తుర్రి తాగలేదు, చూస్తూ కూర్చుంది. ఆమెకు ప్రాణం లేచి వచ్చింది.

మధ్యాహ్నానికి మెరుపయ్య కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ముంగిసలు ఎగతాళి చేయబోతే దుబ్బయ్య కసిరాడు. మెరుపయ్య తిన్నగా సూదవ్వ ఇంటికి వెళ్ళాడు. తన అరికాల్లోంచి పీకిన పలుగురాయిని, నెత్తురు మరకతో సహా, ఆమె ముందు పెట్టాడు.

"గుట్ట దారి మన్ను తెచ్చానవ్వా" అన్నాడు తల దించుకుని.

సూదవ్వ ఆ రాయిని తిప్పి తిప్పి చూసింది. వీపుమీదనుంచి ఒక సూది తీసింది. "కూర్చో బాబూ, కాలు మానాక సాయంత్రం పూట కొలత తీద్దాం" అంది.

నీతి: చేతిలో పెట్టుకుని తూచి మురిసిపోతే చాలదు, వెళ్ళాల్సిన దారిని ముందు తెలుసుకుని, దానికి తగినదాన్ని ఎంచుకున్నవాళ్ళే గమ్యం చేరతారు.