పుటకు కత్తిరించిన కిటికీ

పాదువా నగరంలో చర్చి ధర్మశాస్త్రం బోధించే వృద్ధ సన్యాసి తెయొబాల్దో ఎదుట, ఆయన శిష్యుడు మార్సీలియో ఆ ఉదయం తల వంచుకుని నిలబడ్డాడు. మధ్యాహ్నం బిషప్ న్యాయసభలో బెనెదెత్తా అనే అమ్మాయి తరఫున అతడు చివరిసారి వాదించాలి. మేనమామ ఆమెను బలవంతాన ఒక ఉన్ని వర్తకుడికి కట్టబెట్టాడు. ఈ పూట ఓడిపోతే, సాయంత్రానికి ఆమె ఆ ఇంటి గడప తొక్కక తప్పదు.

"మొదటి విచారణలో ఏమైంది నాయనా?"

"నేను నలభై వ్యాఖ్యానాలు చదివాను గురువుగారూ. అవతలి న్యాయవాది యాభై చదివాడు. న్యాయమూర్తిగారు కునుకు తీశారు."

"ఆ అమ్మాయి?"

"ఆమె... ఒక మూల కూర్చుంది."

"మరి ఈ రోజుకి?"

"అరవై సిద్ధం చేశాను." ఆ మాట అనేటప్పుడు తల కొంచెం పైకి లేచింది.

బల్లమీద కొత్తగా అచ్చయిన ధర్మశాస్త్ర సంపుటం తెరిచి ఉంది. అటువంటి గ్రంథాల్లో శాసనం పుట నడుమ నాలుగు పంక్తులే ఉంటుంది. దాని చుట్టూ నాలుగు వైపులా చిన్న అక్షరాల వ్యాఖ్యానం, కోటను ముట్టడించిన సేనలా కమ్ముకుని ఉంటుంది. మిగిలిన అంచులను మార్సీలియో తన సిరాతో నింపేశాడు.

తెయొబాల్దో ఒక చిత్తుకాగితం తీసుకుని, కలం చెక్కే చాకుతో మధ్యలో చిన్న కిటికీ కత్తిరించి, పుటమీద పరిచాడు. నాలుగు పంక్తులే మిగిలాయి.

"చదువు."

పెళ్లాడే మనిషి తన నోటితో ఒప్పుకోనిదే అది పెళ్లి కాదని శాసనం. మార్సీలియో మళ్లీ చదివాడు. ఆ ప్రకరణంపై వ్యాఖ్యానమంతా అతడికి కంఠస్థం. ఈ పంక్తుల దగ్గర మాత్రం ఎన్నడూ ఇంతసేపు ఆగి ఎరుగడు.

సభలోకి అతడు వట్టి చేతులతో వెళ్లాడు.

"పుస్తకాలు ఎలుకలు కొట్టేశాయా, కుర్రాడా?" అన్నాడు అవతలి న్యాయవాది. సభ గొల్లుమంది.

"అయ్యా, ఈ అమ్మాయిని ఒక్క మాట అడగనివ్వండి" అని మార్సీలియో న్యాయమూర్తిని వేడుకున్నాడు.

"ఆడపిల్లను అడిగేదేముంది? మేనమామ ఇక్కడే ఉన్నాడుగా!" అని అవతలి న్యాయవాది అడ్డుపడ్డాడు.

న్యాయమూర్తి నిటారుగా కూర్చున్నాడు. "పెళ్లి మేనమామకు కాదు కదా. అడగవయ్యా."

"అమ్మా, పెళ్లి జరిగిన చర్చి గుమ్మం దగ్గర నువ్వు ఒప్పుకున్నావా?"

బెనెదెత్తా లేచి నిలబడింది. ఆమె పలికిన మాట వీధిలో ఉన్నవాళ్లకు కూడా వినిపించింది.

"లేదు! అవునన్నది మామయ్య. నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని."

అది పెళ్లే కాదని అక్కడికక్కడే తీర్పు వెలువడింది. వీధి గుమ్మం దగ్గర మూగిన ఆడవాళ్లు కూరల బుట్టలు నేలమీద దించి మరీ చప్పట్లు కొట్టారు. బెనెదెత్తా వాళ్ల మధ్యనుంచి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచి వెళ్లింది.

మార్సీలియో పరుగున మఠానికి వచ్చాడు.

"గెలిచాం గురువుగారూ! అరవై వ్యాఖ్యానాలు ఎక్కడ, నేనన్న ఒక్క మాట ఎక్కడ!"

తెయొబాల్దో నవ్వాడు.

"ఆ ఒక్కటీ ప్రశ్నే కదా, నాయనా. జవాబు ఆ అమ్మాయిది."