ఉతికిన చొక్కా

పన్ను పీకిన నాలుగో రోజున రాళ్ళు కొట్టే కుళ్ళాయప్ప దవడ పట్టుకుని మళ్ళీ వచ్చేసరికి దస్తగిరి ప్రాణం ఉసూరుమంది. వాపు లేదు, చీము లేదు. నొప్పి మాత్రం చెవిదాకా పోటు పెడుతోందట. రెండు రోజులుగా గుక్కెడు గంజి దిగలేదట, కంటిమీద కునుకు లేదట. అంత మనిషీ గడప దగ్గర కూలబడి ఏడ్చాడు.

దస్తగిరి ఎనిమిదేళ్ళుగా మౌలాలి హకీం శిష్యుడు. ఆ హకీం దగ్గరికి పళ్ళు పీకించుకునేవాళ్ళే కాదు, మనసు బాగాలేనివాళ్ళు కూడా వచ్చి కాసేపు కూర్చుని పోయేవాళ్ళు. ఈ మధ్యే పటకారు శిష్యుడి చేతికిచ్చాడు. ఇవ్వక ఏం చేస్తాడు పాపం, ఒక్కగానొక్క కొడుకు ఖాసిం జ్వరంతో పోయిన దగ్గర్నుంచీ ఆయన చెయ్యి వణుకుతోంది.

శుభ్రమంటే దస్తగిరికి అదొక పిచ్చి. అదే వాడి గర్వం కూడా. మరక కనబడితే చేతులు ఊరుకోవు. ఖాసిం పోయిన పదో రోజున, కొక్కేనికి వేలాడుతున్న అతని మాసిన చొక్కా కంటపడింది. ముసలాయనకు మేలు చేస్తున్నాననుకుని సబ్బు పెట్టి, తళతళలాడేలా ఉతికి, మళ్ళీ అక్కడే తగిలించాడు. అంతవరకూ రోజూ పొద్దున్నే ఆ చొక్కాలో మొహం పెట్టుకుని నిలబడే హకీం, ఆ తర్వాత దాని దగ్గరికే వెళ్ళలేదు. దుఃఖం తగ్గిందిలే అనుకున్నాడు దస్తగిరి.

ఇప్పుడు కుళ్ళాయప్ప ముందు తన తప్పేమీ లేదని గురువుకి చెప్పుకున్నాడు. పీకినచోట నెత్తురు గడ్డకట్టి అసహ్యంగా ఉంటే, ఉప్పునీళ్ళు గట్టిగా పుక్కిలింపజేసి, దూదితో తుడిచి, మరక లేకుండా చేసి పంపాడట.

హకీం కుళ్ళాయప్ప నోటిని వెలుతురుకి తిప్పి చూశాడు. గుంట ఖాళీగా ఉంది. అడుగున ఎముక తెల్లగా కనిపిస్తోంది.

"ఆ గడ్డే దీనికి కప్పు నాయనా. దాన్ని లాగేశావు."

గోరువెచ్చని నీళ్ళతో గుంటని మెల్లగా కడిగాడు. లవంగనూనె సీసా తీశాడు. నూనెలో ముంచి లోపల పెట్టడానికి మెత్తటి గుడ్డ కావాలి. లేచి వెళ్ళి, కొక్కేనికున్న చొక్కా దించి, అంచు పట్టుకుని చించాడు.

దస్తగిరి చెయ్యి అడ్డం పెట్టాడు. "హజ్రత్, అది మన ఖాసిం చొక్కా."

"నువ్వు ఉతికేదాకా వాడిదే," అన్నాడు హకీం. గొంతులో కోపం లేదు. "ఇప్పుడు శుభ్రమైన గుడ్డ. పనికొస్తుంది."

నూనెగుడ్డ గుంటలో పెట్టిన కాసేపటికి కుళ్ళాయప్ప మొహం తేటపడింది. గోడకి చేరగిలబడి అక్కడే నిద్రపోయాడు. రేపు గుడ్డ మార్చాలి, ఎల్లుండీ మార్చాలి. దస్తగిరి కూర్చుని చొక్కాని సన్నటి పేలికలు చేశాడు. కళ్ళు మసకలు కమ్ముతున్నా చెయ్యి ఆపలేదు. ఖాళీ కొక్కెం వైపు చూడలేకపోయాడు.

తల ఎత్తకుండానే అడిగాడు. "ఎన్నాళ్ళకి పూడుతుంది హజ్రత్?"

హకీం సీసాకి మూత బిగించాడు.

"అతనికా? వారం, పది రోజులు."