ఎవరూ భయపడని సినిమా

అనంతశయనం గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. నలభై ఏళ్ళు ఎడిటింగ్ బల్ల దగ్గర గడిపిన మనిషి, మాటల్లోనూ పొదుపే. ఆయన శిష్యుడు భార్గవ, కొత్తగా దర్శకుడైనవాడు, ఒకనాడు దిగాలుగా వచ్చి కూర్చున్నాడు.

"గురువుగారూ, తండ్రికి భయపడుతూ బతికే కుటుంబం కథ తీశాను. చూసినవాళ్ళలో ఒక్కరూ భయపడలేదు. ఎందుకంటారు?"

విడుదలకు ఇంకా నెల ఉంది. ఈలోగా సరిదిద్దుకోకపోతే మొదటి సినిమాయే ఆఖరిదవుతుంది. గురువు అంతా విని, ఆదివారం మధ్యాహ్నం ప్రివ్యూ థియేటరుకు అమ్మానాన్నలనూ చెల్లెలినీ తీసుకురమ్మన్నారు. సినిమాలో తండ్రికి మూలం భార్గవ తండ్రే. చూసి పోల్చుకుంటే? ముప్పై రెండేళ్ళవాడు, మరో దారి చెప్పమని చిన్నపిల్లాడిలా బతిమాలాడు. గురువు వినలేదు.

ఆదివారం తెరమీద ఆ తండ్రి తాగివచ్చి తలుపు తన్నాడు, కంచాలు విసిరాడు, బెల్టు తీశాడు. భార్గవ తండ్రి శేషాచలం గారు, రిటైరైన బస్ డిపో మేనేజరు, ముందు వరసలో తీరిగ్గా చూస్తున్నారు. పక్కన తల్లి కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంది, చెల్లెలు వకుళ పాప్‌కార్న్ తింటోంది. వెనక గురువు పక్కన కూర్చున్న భార్గవ మాత్రం తెర వదిలేసి తండ్రి వీపునే చూస్తున్నాడు.

ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. శేషాచలం గారు వెనక్కి తిరిగారు.

"పాపం, ఆ ఇల్లాలు ఎలా వేగిందిరా వాడితో? ఇలాంటి రాక్షసులు కూడా ఉంటారా?"

ఆ జాలి నిజమైనదే. ఆయన పోల్చుకోలేదు. బతికిపోయాననుకున్నాడు భార్గవ. అంతలో ఆయన మాట ఆపి, కళ్ళజోడు తీసి, మడిచారు.

తల్లి కాళ్ళు కిందికి దించి కొంగు సర్దుకుంది. వకుళ పాప్‌కార్న్ పొట్లాన్ని సీటు కిందికి తోసేసింది. వాళ్ళింట్లో ఆయన తాగిందీ లేదు, చెయ్యెత్తిందీ లేదు. కళ్ళజోడు మడిచిన రోజున మాత్రం ముగ్గురిలో ఒకరు ఆయన కంటికి కనబడటం మానేసేవారు. ఆ మనిషి పిలిచినా ఆయన పలికేవారు కాదు, ఎదురుపడినా చూసేవారు కాదు. వారమో, పదిరోజులో, వకుళకు ఒకసారి నెలన్నర. అది ఎవరి వంతో, ఏ తప్పుకో ఎవరికీ తెలిసేది కాదు. భార్గవ పొద్దుటినుంచి తానేం చేశాడో ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాడు.

శేషాచలం గారు జేబులోంచి రుమాలు తీసి, అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. మసకేసిందన్నారు. అప్పటికిగాని తల్లి ఊపిరి పీల్చుకోలేదు.

భార్గవ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో అతనికే తెలియదు. గురువు అతని చొక్కా అంచు పట్టుకుని మెల్లగా కూర్చోబెట్టి, చెవి దగ్గర అన్నారు:

"నువ్విప్పుడు లేచి నిలబడ్డావే, అది ఏ రీల్లో ఉంది నాయనా?"