అందరికీ నిషేధం

గుట్టమీది దర్గాలో పుస్తకాల గది దస్తగిరి చేతిలో ఉండేది. అక్కడి మూడు కంప్యూటర్లలో పాత పాటగాళ్ల గొంతులు దాచి ఉంచారు. శిష్యులంతా వాటినే వాడుకునేవారు. మునుపు టేపులుండేవి; అరిగేవే గాని అంటురోగం తెచ్చేవి కావు. ఎవరిదో పెన్‌డ్రైవ్‌లోంచి వైరస్ వచ్చి పదకొండు ఖవ్వాలీ పాటలను మింగేసింది. ఆనాటినుంచీ దస్తగిరికి కంటిమీద కునుకు లేదు.

ఎవరు వినొచ్చో, ఎవరు నకలు తీసుకోవచ్చో పేరుపేరునా నిర్ణయించాడు. అదీ చాలదనిపించింది. పేర్లన్నిటికీ పైన ‘అందరూ’ అని ఒక గడి ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లకు సంబంధించి అక్కడ నిషేధం పెట్టేశాడు.

ఆ పొద్దే మస్తానమ్మ వచ్చింది. ఈమధ్యే చనిపోయిన ఆమె భర్త అక్కడ పాడేవాడు.

“రేపు నలభయ్యో దినం నాయనా. ఇంట్లో ఆయన గొంతు ఒక్కసారి వినబడాల.”

“ఎవరికీ లేదమ్మా.”

ఆమె వసారాలోనే కూర్చుండిపోయింది. దస్తగిరి గురువు నూరుల్లా షా దగ్గరికి పోయాడు.

“ఇక ఒక్కరూ చెయ్యి పెట్టలేరు హజ్రత్!”

“ఎవరికి నిషేధం?”

“అందరికీ.”

“మంచిది,” అని గురువు వంటవాడు కరీంను పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. కరీంకు చెవుడని కొందరంటారు గాని, కాదు, మాట తక్కువ.

మధ్యాహ్నం వడ్డిస్తూ కరీం దస్తగిరి పళ్లెం దాటిపోయాడు.

“అన్నా, నాకు?”

కరీం చూపు దస్తగిరిలోంచి వెనక గోడకు తగిలింది. “ఇక్కడెవరూ లేరే,” అన్నాడు పక్కవాడితో. భుజం పట్టుకుంటే ఈగ వాలినట్టు దులుపుకున్నాడు. వరుసలో నలభైమంది, ఒక్క తలా తిరగలేదు.

దస్తగిరి గదికి పరుగెత్తాడు. యంత్రం అబద్ధమాడదు కదా. తన పేరు కొట్టి, తన పెన్‌డ్రైవే పెట్టాడు.

‘నీకు అనుమతి లేదు’ అంది తెర.

మళ్లీ పెట్టాడు. అదే మాట. కాసేపటికి తెర నల్లబడింది. అందులో కుర్చీ వీపు కనబడింది, తలుపు కనబడింది. తన ముఖం వెతుక్కునే ధైర్యం చాల్లేదు.

వసారాలోకి వచ్చి పడ్డాడు.

“ఏం నాయనా, అట్ల వణుకుతాండావు? అన్నం తింటివా?” అంటూ మస్తానమ్మ కొంగులోని రొట్టె విరిచి చేతిలో పెట్టింది.

గురువు గడపలో నిలబడి ఉన్నాడు.

“హజ్రత్... నేను మీకు కనబడుతున్నానా?”

“ఆమెకు కనబడ్డావు గదా బేటా,” అన్నాడు గురువు. “ఆమెను గదిలోకి తీసుకుపో.”